బజారుకి వెళ్లకముందే తేలే లెక్కలు

మా బంధువుల్లో ఎవరింట పెళ్లి కుదిరినా శుభలేఖలు అచ్చుకి ఇవ్వకముందే ఖర్చుల చిట్టా నా దగ్గరికి వస్తుంది. కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు జమాఖర్చుల పుస్తకం నా చేతిలో పెట్టారు. ఆ అలవాటు నన్ను ఇప్పటికీ వదల్లేదు. వెచ్చాల పద్దు దగ్గర్నుంచి పెళ్లి భోజనాల లెక్క దాకా చూసీ చూసీ నాకు గట్టిగా తెలిసిందొకటి ఉంది. కొట్టు మెట్లెక్కాక చేసే బేరంలో మిగిలేది పదో పరకో. ఎప్పుడు కొనాలి, ఎంత కొనాలి, అసలు కొనాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకుంటే వేలల్లో మిగులుతుంది. ఇప్పుడిప్పుడే సంసారంలో అడుగుపెట్టిన పిల్లలు అడుగుతుంటే, నాకు తెలిసినవి ఒక వరసలో రాస్తున్నాను.

1. పంట చేతికొచ్చిన నెలలోనే సరుకు కొనండి

ఏ సరుకుకైనా ఏడాదిలో ఒక మంచి నెల ఉంటుంది. సంక్రాంతి చుట్టుపక్కల కొత్త బియ్యం, కందులు వస్తాయి. శివరాత్రి దాటితే కొత్త చింతపండు. ఫిబ్రవరి నుంచి గుంటూరు మిర్చి యార్డు టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో, నిండిపోతుంది. వేసవి మొదట్లో దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లకి పసుపు కొమ్ములు వస్తాయి. ఇవన్నీ వానాకాలంలో కొంటే ధర ఎక్కువ, బియ్యం తప్ప మిగతావి నాసి.

బియ్యం సంగతి చూడండి. మా ఇళ్లలో తినేది సాంబ మసూరి, బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన బీపీటీ 5204. పాతవాటికీ కొత్తవాటికీ బస్తాకి వందల్లో తేడా ఉంటుంది. చోటున్నవాళ్లు జనవరిలో కొత్తవి కొని, ఎండిన వేపాకు వేసి, గోడకి తగలకుండా చెక్క మీద పెట్టుకుంటే ఆరు నెలల్లో అవే పాతబడతాయి. అన్నం మెతకబడదు, పాత బియ్యానికి పెట్టే ఎక్కువ ధర మన దగ్గరే ఉంటుంది.

మిరపకాయలు కొనేటప్పుడు గుప్పెడు తీసుకుని చెవి దగ్గర ఆడించండి. గింజలు గలగలమంటే ఎండినట్టు. మెత్తగా ఒంగితే తేమ ఉన్నట్టు. ఆ తేమకి కూడా మిర్చి ధరే కడుతున్నాం, పైగా నిల్వలో బూజు పడుతుంది. చింతపండుకి గింజా ఈనెలూ తీసి, ఒక పూట ఎండలో పెట్టి, ఉప్పు చల్లుతూ జాడీలో అదిమి పెడితే ఏడాదంతా రంగు మారదు. కందిపప్పు ఎండబెట్టాక పూర్తిగా చల్లారనిచ్చి డబ్బాలో పోయండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి పురుగు వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి తాండూరు కందిపప్పు దగ్గర. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పప్పు అది, తొందరగా ఉడుకుతుంది కాబట్టి గ్యాసూ కలిసొస్తుంది.

అపార్ట్‌మెంట్లో చిన్న వంటిల్లు ఉన్నవాళ్లు మాత్రం పప్పులు మూడు నాలుగు నెలలకి మించి కొనకండి. పురుగు పట్టి పారబోసిన పప్పుకి మించిన దుబారా లేదు.

2. చవగ్గా ఉన్నప్పుడు జాడీ నింపండి

2023 జులైలో టమాటా కిలో వంద దాటి ఇంకా పైకి పోయింది. ఇళ్లలో చారు కూడా మానేశారు. అదే టమాటాని ధర పడిపోయినప్పుడు మదనపల్లె వైపు రైతులు కోతకూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోయడం మనం ఎన్నిసార్లు చూశాం! ధర పడిపోయిన ఆ రోజుల్లో ఒక పెట్టె కొని నిల్వ పచ్చడి పెట్టుకుంటే రైతుకి నాలుగు రూపాయలు దక్కుతాయి, శ్రావణ భాద్రపదాల్లో మన ఇంట్లో కూర వెతుక్కునే పని తప్పుతుంది. ముక్కలకి ఉప్పు పట్టించి, ఊరాక పిండి, ముక్కలూ చింతపండూ ఎండబెట్టి, మళ్లీ ఆ ఊటలోనే నానబెట్టి రుబ్బుకోవడం మీ అమ్మమ్మలకి వచ్చు, అడిగి నేర్చుకోండి. ఆవకాయ, మాగాయ, గోంగూర, గుమ్మడి వడియాలు అన్నీ ఈ లెక్కలోవే. వేసవిలో వారం రోజులు ఒళ్లు వంచితే వానాకాలంలో వారానికి రెండు పూటలు కూరగాయ కొనక్కర్లేదు.

3. ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు చదవండి

ఇప్పుడు ప్యాకెట్ల మీద ఎమ్మార్పీతో పాటు గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా అచ్చు వేస్తున్నారు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అనుకోకుండా రెండింటి మీదా ఆ అంకె చూడండి. కూరగాయలకి రైతుబజారు ఉన్న ఊళ్లో ఉంటే అక్కడికే వెళ్లండి. 1999 జనవరిలో మొదలైనప్పటి నుంచి ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాసి పెడుతున్నారు. ఆ బోర్డు ఫొటో తీసుకుంటే ఇంటి దగ్గర బండి మీద కొనే రోజున కూడా అడగడానికి ఆధారం ఉంటుంది.

4. కరెంటు బిల్లులో పై మెట్టు ముఖ్యం

యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. అంటే మనం తగ్గించే యూనిట్లన్నీ ఎక్కువ రేటు పడే పై మెట్టులోవే. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. రోజుకి పదహారు గంటలు తిరిగితే నెలకి 36 యూనిట్లు. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లే కాబట్టి నెలకి పద్నాలుగున్నర యూనిట్లు చాలు. ఎక్కువసేపు తిరిగే హాలు ఫ్యాను ముందు మార్చండి, వాడని గది సంగతి తర్వాత. ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు తగ్గుతుంది. 24 దగ్గర పెట్టి నెమ్మదిగా ఫ్యాను వేసుకుంటే పిల్లలకి మరీ చలీ వేయదు. తెలంగాణలో గృహజ్యోతి కింద ఉచిత కరెంటు వస్తున్న ఇళ్లకి 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే. ఇరవయ్యో తారీఖు దగ్గర ఒకసారి మీటరు చూసుకోవడం ఆ ఇళ్లలో తప్పనిసరి.

5. రోజూ మింగే మాత్రలు

బీపీకీ షుగరుకీ చాలామందికి జీవితాంతం మందులు తప్పవు. టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ లాంటివి జన ఔషధి కేంద్రాల్లో బ్రాండు మందుల ధరలో సగానికీ, కొన్ని అంతకంటే చాలా తక్కువకీ దొరుకుతాయి. చీటీ మీద మందు అసలు పేరు రాయమని డాక్టరుగారిని అడగండి, మోతాదు సరిచూసుకోండి, మారుస్తున్నట్టు ఆయనకి చెప్పండి. ఖర్చుకి భయపడి రోజు విడిచి రోజు మాత్ర వేసుకునే పెద్దవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. అది చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల మాత్రల డబ్బా ఈరోజే తెరిచి చూడండి.

6. బంగారం కొట్లో నాలుగు ప్రశ్నలు

ఆడపిల్ల పెళ్లి అనగానే అందరి చూపూ గ్రాము ధర మీదే ఉంటుంది. పేపర్లో వచ్చే ధర ఊరంతా ఒకటే. తేడా అంతా తరుగులో, రాళ్ల తూకంలో ఉంటుంది.

లెక్క సులువుగా ఉండటానికి గ్రాము పదివేలనుకుందాం. ఇరవై గ్రాముల గొలుసు రెండు లక్షలు. ఒక కొట్లో తరుగు 14 శాతమంటారు, అంటే 28,000. అలాంటి గొలుసుకే ఇంకో కొట్లో 8 శాతం, అంటే 16,000. దాని మీద మూడు శాతం జీఎస్టీ కలిపితే మొదటి బిల్లు 2,34,840, రెండోది 2,22,480. పన్నెండువేల పైచిలుకు తేడా. ఇంత తేడా ఉన్న చోట గుమాస్తా బిల్లులో రెండు మూడు వందలు తగ్గించాడని సంతోషపడి వచ్చేస్తాం.

ఇక రాళ్లు. ఇరవై గ్రాములని కాటా చూపిస్తున్న హారంలో రెండు గ్రాములు రాళ్లూ పూసలూ అయితే బంగారం పద్దెనిమిదే. మొత్తం తూకానికి బంగారం ధర కట్టామా, ఇరవైవేలు రాళ్లకి పోసినట్టే. రేపు అవసరానికి అమ్మబోతే ఆ రాళ్లు తీసేసే తూస్తారు. అందుకని నేను పిల్లలకి ఎప్పుడూ చెప్పేవి నాలుగు ప్రశ్నలు. మొత్తం తూకం ఎంత, రాళ్లు తీసేస్తే బంగారం ఎంత, తరుగూ మజూరీ కలిపి ఎంత శాతం, తిరిగి ఇస్తే ఎంత కోస్తారు. ఈ నాలుగూ బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి తటపటాయించిన కొట్టు నుంచి మర్యాదగా లేచి వచ్చేయండి.

నగ మీద హాల్‌మార్కు గుర్తు, స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సంఖ్య లేని నగ కొట్లో అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరు అక్షరాలూ కొడితే అది ఏ నగో, ఎంత స్వచ్ఛతో కనిపిస్తుంది. కొట్లో కూర్చునే చూసుకోవచ్చు. పాత బంగారం మార్పిడికి ఇస్తే కరిగించే చోట మీ కళ్ల ముందే కరిగించమనండి.

పెళ్లికూతురికి ఒక్క రోజు పెట్టుకునే పెద్ద హారం కంటే రోజూ వేసుకునే గాజులూ సాదా గొలుసూ మేలని నా అభిప్రాయం. తరుగు తక్కువ, తాకట్టుకైనా అమ్మకానికైనా ఎక్కువ విలువ పలుకుతుంది.

7. భోజనాల లెక్క మనుషులతో మొదలవ్వాలి

పెళ్లిలో అన్నిటికంటే ఎక్కువ జారిపోయేది భోజనాల దగ్గరే. కేటరింగువాళ్లతో ఎన్ని ప్లేట్లు ఒప్పుకుంటామో అంత డబ్బూ కట్టాలి, జనం తగ్గినా సరే. ప్లేటు 500 అయితే రాని 150 మందికి 75,000 పోతుంది.

శుభలేఖల సంఖ్యని నాలుగుతో హెచ్చవేయడం మన వాళ్ల అలవాటు. నేను జాబితాని వేరుగా రాయిస్తాను. సకుటుంబంగా తప్పక వచ్చేవాళ్లు, ఊళ్లోవాళ్లు, ఆఫీసువాళ్లు, దూరాన ఉండి ఫోన్లో అక్షింతలు వేసేవాళ్లు. ఆఫీసు నుంచి ఇంటికొకరే వస్తారు. రాత్రి ముహూర్తమైతే ఊళ్లోవాళ్లు సగం మంది ఏడింటికే వచ్చి, భోంచేసి, కవరిచ్చి వెళ్లిపోతారు. పొద్దున్న టిఫిను విడిదిలో ఉన్నవాళ్లకే. ఇలా పేరు పేరునా రాస్తే వెయ్యి అనుకున్నది చాలాసార్లు ఏడువందల దగ్గరికి వస్తుంది. ఆ తక్కువ సంఖ్యకే ఒప్పుకుని, పైన ఇంకో డెబ్బై మంది వస్తే అదే రేటుకి పెట్టేలా ముందే కాగితం మీద రాయించుకోవాలి. విస్తళ్లు లెక్కపెట్టడానికి మీ తరఫున ఒక నమ్మకమైన మనిషిని, కేటరింగు మేస్త్రీ పక్కనే, మొదటి బంతి నుంచీ కూర్చోబెట్టండి.

ఆ మధ్య మా చెల్లెలి మనవరాలి పెళ్లికి కేటరింగు అతను వచ్చి పట్టీ విప్పాడు. ముప్ఫై రెండు రకాలు.

“ఇంతకంటే తగ్గిస్తే ఈరోజుల్లో బాగోదమ్మగారూ.”

“నువ్వు ఎన్నో పెళ్లిళ్లు చేయించినవాడివి బాబూ. ఆఖరి బంతి లేచాక ఏ గిన్నెలు నిండుగా వెనక్కి వస్తాయో చెప్పు” అన్నాను.

అతను కాసేపు ఆలోచించాడు. “బిర్యానీ ఉన్న చోట పులిహోర మిగిలిపోతుందండి. రెండో వేపుడు, మూడో స్వీటు, ఆ నూడుల్స్ కూడా. ఎప్పుడూ అవే.”

“మరి ఏది చాలట్లేదు?”

“గడ్డపెరుగు. వేడి గారెలు. ముద్దపప్పులోకి నెయ్యి.”

మిగిలిపోయేవన్నీ పట్టీలోంచి కొట్టేశాం. ఆ డబ్బులో కొంత మంచి నెయ్యికీ, గేదెపాల పెరుగుకీ వేశాం. గారెలు బంతి పక్కనే మూకుడు పెట్టించి వేయించాం. ప్లేటుకి తగ్గింది తగ్గగా, వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ భోజనం మెచ్చుకుని మరీ వెళ్లారు. రకాల సంఖ్య ఎవరూ లెక్కపెట్టలేదు.

నూటయాభై మందికి లోపైతే కేటరింగు వద్దు. మంచి వంటవాళ్లని పిలిచి, సరుకులు మనమే తెచ్చుకుంటే చాలా కలిసొస్తుంది. వంటాయన రాసిచ్చిన చిట్టాలో నూనె, జీడిపప్పు, నెయ్యి ఎంతెంత రాశాడో ఇంకో వంటాయనకి చూపించి సరిచూసుకోండి.

8. ముహూర్తం, మండపం

మాఘ, వైశాఖాల్లో గట్టి ముహూర్తం రోజున మండపం, పురోహితుడు, భజంత్రీలు, పూలు అన్నిటికీ ధర పెరుగుతుంది. పంతులుగారు రెండు మూడు ముహూర్తాలు చెప్పినప్పుడు ఆదివారం కానిది ఎంచుకుంటే మండపం అద్దెలోనే తేడా కనిపిస్తుంది. అదే మండపంలో ఆ పూట ముందో వెనకో ఇంకొకరి పెళ్లి ఉంటే వాళ్లతో మాట్లాడి డెకరేషను పంచుకోవచ్చు. ఈ సలహా ఇచ్చినప్పుడు మొహమాటపడినవాళ్లు తర్వాత నాకు ఫోన్ చేసి సంతోషించారు.

గుడి పెళ్లిని చిన్నతనంగా చూసే రోజులు పోవాలి. అన్నవరం కొండ మీద ముహూర్తాల రోజుల్లో ఎన్ని జంటలు కనిపిస్తాయో చూడండి. తిరుమలలో పాపవినాశనం దారిలో కల్యాణ వేదిక ఉంది. అక్కడ దేవస్థానం వారు పురోహితుణ్ణీ మంగళవాద్యాన్నీ ఉచితంగా ఏర్పాటు చేస్తారు. అక్కడ పెళ్లి చేసి, ఊరికి వచ్చాక ఒక పూట భోజనాలు పెట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. పిల్ల చదువుకి చేసిన అప్పు ఆ మిగిలిన డబ్బుతో తీర్చినవాళ్లూ తెలుసు.

9. పెట్టుబడి బట్టలు

దీని గురించి నేను కాస్త గట్టిగానే చెబుతాను. మన పెళ్లిళ్లలో పెట్టే చీరల్లో కట్టుకునేవి ఎన్ని? బీరువా పై అరలో కవరు కూడా విప్పకుండా పడి ఉంటాయి. ఇంకో పెళ్లిలో ఇంకొకరికి పెడతాం. జాకెట్టు ముక్కలైతే తాంబూలంతో ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంటాయి, ఎవరూ కుట్టించుకోరు. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బుట్టల రిటర్న్ గిఫ్టులూ అంతే. ఇచ్చినవాళ్లకి ఖర్చు, పుచ్చుకున్నవాళ్లకి అడ్డం.

మా కుటుంబాల్లో అక్కచెల్లెళ్లం, వదినా మరదళ్లం కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఆడపడుచులకీ, మేనమామలకీ, ఇంటి పెద్దలకీ తప్ప బట్టలు వద్దు. మిగతావాళ్లకి పసుపూ కుంకుమా, పళ్లూ, ఒక పొట్లం మినపసున్నుండలో కాజాలో. మొదట కొందరు మూతి ముడిచారు. కానీ పెద్దవాళ్లే ముందు నిలబడటంతో మెల్లగా అలవాటైపోయింది. చిన్న కోడలు ఈ మాటంటే పిసినారి అంటారు, డెబ్బై దాటినావిడ అంటే పద్ధతి అంటారు. కాబట్టి ఇది మాలాంటివాళ్లం మొదలుపెట్టాల్సిన పని.

పెట్టే కొద్ది చీరలూ కట్టుకునేవి పెట్టండి. మంగళగిరి, చీరాల వెళ్లి నేతవారి దగ్గరే నూలు చీర కొంటే మధ్యవర్తి ఖర్చు తగ్గుతుంది, నేసినవాళ్లకి నేరుగా డబ్బు అందుతుంది. శ్రావణంలో పెళ్లి ఉంటే ఆషాఢంలోనే బట్టలు కొనేయండి. ముహూర్తాలు లేని నెల కాబట్టి కొట్లలో తగ్గింపులుంటాయి, జాకెట్లు కుట్టేవాళ్ల చేతులూ ఖాళీగా ఉంటాయి. తగ్గింపులో పట్టుచీర కొంటే మాత్రం పూర్తిగా విప్పించి, మడత పడ్డ చోట వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. ఎక్కువకాలం ఒకే మడతలో ఉన్న పట్టు అక్కడే చిట్లుతుంది.

లాంఛనాల పేరుతో అడిగి పుచ్చుకునేది ఏదైనా నా లెక్కలో కట్నమే. కట్నం అడగడం, ఇవ్వడం, తీసుకోవడం నేరమని చట్టం 1961లోనే చెప్పింది. ఆ పద్దు నా దగ్గరికి వచ్చిన చిట్టాలో కనిపిస్తే తగ్గించే దారి చెప్పను, ఆ సంబంధం గురించి మళ్లీ ఆలోచించుకోమంటాను.

10. ముందు పక్కన పెట్టి, తర్వాత ఖర్చు

1990ల మొదట్లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచాక, నెల్లూరు జిల్లా ఆడవాళ్లు పొదుపులక్ష్మి పేరుతో రోజుకి ఒక రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. కూలి చేసుకునే తల్లులు. ఖర్చులు పోగా మిగిలితే దాద్దామని వాళ్లు కూర్చోలేదు. జీతం వచ్చే ఇళ్లలో కూడా ఒకటో తారీఖునే కొంత తీసేయాలి. పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ నెలకి వంద రూపాయలతోనే మొదలవుతుంది, ఐదేళ్లు. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి, ఏడాదికి 250 కట్టినా నడుస్తుంది. చీటీ వేస్తే రిజిస్టరైన చోటే వేయండి, చీటీ పాట పాడే ముందు ఎంత నష్టానికి తీసుకుంటున్నామో కాగితం మీద లెక్క కట్టండి. ఈ ముందుచూపు ప్రయాణాలకీ కావాలి, పండక్కి రైల్లో ఊరెళ్లేవాళ్లు అరవై రోజుల ముందే టికెట్టు తీసుకోండి. సంక్రాంతి ముందు రోజు ప్రైవేటు బస్సుకి పెట్టే డబ్బుతో ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలొస్తాయి.

11. తగ్గించకూడనివి

పిల్లల పాలు, పళ్లు. పెద్దవాళ్ల కళ్లజోడు, పళ్లసెట్టు. ఇంటికి వచ్చినవాళ్లకి పెట్టే భోజనం. అన్నిటికంటే ముఖ్యంగా మనకి పని చేసేవాళ్ల కూలి. మండపానికి లక్షలు పోసి, గిన్నెలు తోమే ఆవిడ దగ్గర యాభై రూపాయలకి గీచి గీచి బేరమాడే ఇళ్లు చూశాను. నేను రాసే ప్రతి పెళ్లి చిట్టాలోనూ వడ్డనవాళ్లకీ, తోమేవాళ్లకీ, విడిది ఊడ్చేవాళ్లకీ ఇవ్వాల్సింది మొదటి పేజీలోనే రాయిస్తాను. ఆ డబ్బు ముందురోజే పేర్లు రాసిన కవర్లలో పెట్టించి ఇంటి బాధ్యత తెలిసిన ఒకరి చేతికి ఇవ్వాలి. ఆఖరి బంతి లేవగానే వాళ్లందరికీ వేడిగా వడ్డించి, చేతులు కడుక్కున్నాక ఎవరి కవరు వాళ్లకి అందించాలి. కేటరింగువాళ్లకి కట్టాల్సిన మిగతా సొమ్ము లెక్క ఆ తర్వాత చూసుకోవచ్చు.